పెన్సిలుతో పూడ్చిన వేళ్ళు

ముఖం మీద మచ్చ పెట్టడం దేవుడి ఇష్టం, దాన్ని ఫొటోలో ఉంచడం పెన్సిలమ్మ ఇష్టం అని ఆ వీధిలో అనుకునేవారు. అసలు పేరు ఆమె కూడా మరిచిపోయినట్టే ఉండేది. పొద్దున్నే స్టూడియో మేడ మీద, ఉత్తరపు కిటికీ దగ్గర వాలుబల్ల ముందు కూర్చుందంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. భర్త తీసిన నెగటివ్‌లు గాజు పలకల మీద ఉండేవి. వాటిని బల్లకి ఆనించి, వెనకనుంచి వెలుగు పడేలా అద్దం సర్దుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టేది. నెగటివ్‌లో మచ్చ ఉన్నచోట గాజు తేటగా ఉంటుంది. ఆ తేటని పెన్సిలు సీసంతో పూడ్చేస్తే కాగితం మీద నున్నటి చర్మం వస్తుంది. మశూచి మచ్చలు, కళ్ళ కింద గుంటలు, ఏళ్ళ తరబడి పడ్డ దిగుళ్ళు, అన్నీ అలాగే పూడ్చింది. ఒకసారి ఎవరిదో పుట్టుమచ్చ కూడా పూడ్చేసి, మా ఆయన నన్ను చేసుకుందే ఆ మచ్చ చూసి అని ఆవిడ చేత చీవాట్లు తిన్నాక, అడగనిదే పుట్టుమచ్చ జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఫొటోలు తీసే భర్త మాటకారి. ఎంత బిగుసుకుపోయిన మనిషినైనా రెండు మాటలతో వదులు చేసి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ముందుగదిలో ఆయన అక్కగారు, అంటే పెన్సిలమ్మకి వదిన, వచ్చినవాళ్ళ తలలు దువ్వి, బొత్తాలు సరిచేసి, పనిలో పనిగా వాళ్ళ ఇళ్ళలో సంగతులన్నీ లాగేది. ముగ్గురూ మూడు రకాలు. అయినా ఇల్లు గడిచిపోయేది, నవ్వులకి లోటు లేదు.

అలాంటి ఇంట్లోకి వీధి చివర ఉండే డాక్టరుగారు ఎక్స్-రే యంత్రం తెచ్చిపెట్టారు.

ఆ కిరణాలు కనిపెట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. వాటి మీద పరదేశంలో అచ్చయిన లావుపాటి పుస్తకం ఒకటి డాక్టరుగారి చేతికి చిక్కింది. అది చదివినప్పటినుంచి ఆయనకి నిద్ర పట్టలేదు. యంత్రం తెప్పించుకున్నారు. అంతటితో ఆగక, మన భాషలో అలాంటి పుస్తకం మొదట తానే రాయాలని కూర్చున్నారు. రాయడం ఆయనకి వచ్చు, రోగుల్ని చూడటం వచ్చు. గాజు పలకని మందునీళ్ళలో కడిగి బొమ్మ తేల్చడం మాత్రం రాదు. ఆ పని వచ్చిన ఇల్లు వీళ్ళదే కాబట్టి, స్టూడియో వెనకగది కిటికీలకి నల్లగుడ్డలు కొట్టించి యంత్రాన్ని అక్కడే దింపించారు. నడిపేది పెన్సిలమ్మ భర్త, చూసి చెప్పేది డాక్టరుగారు. శవాలకీ పనికిరాని ఎముకల ఫొటోలు బతికున్నవాళ్ళకి ఎందుకురా అని వదిన నొసలు చిట్లించింది. తర్వాత తన మోకాలి ఎముక చూసుకుని, ఎంత తెల్లగా ఉందో అని పదిమందికి చెప్పుకుంది.

ఆ యంత్రంతో ఒక చిక్కు ఉండేది. కాయిలు అనే తీగచుట్ట నుంచి కరెంటు అందుకునే గాజు ట్యూబు రోజుకో రకంగా పనిచేసేది. ఒకరోజు కిరణం చాలక ఎముకలే కనపడవు. ఇంకోరోజు మరీ జోరెక్కి ఎముకలు కూడా పొగలా తేలిపోతాయి. ఆ జోరు కొలవడానికి వేరే సాధనం లేదు. అందుకని యంత్రం నడిపేవాడు రోజూ పని మొదలెట్టేముందు ట్యూబుకీ, కిరణం తగిలితే మెరిసే తెరకీ మధ్య తన చెయ్యి తానే పెట్టుకుని చూసుకోవాలి. వేళ్ళ ఎముకలు సరిగ్గా కనపడితే ఆరోజుకి ట్యూబు బాగున్నట్టు. చేతికి మించిన కొలబద్ద లేదని పరదేశపు పుస్తకంలోనూ ఉందట. కుడిచేత్తో మీట తిప్పాలి గనక ఆయన ఎడమచెయ్యి పెట్టేవాడు. పొద్దున్నే పళ్ళు తోముకున్నంత మామూలుగా పెట్టేవాడు. ఆ కిరణం వేడిగా ఉండదు, నొప్పి పుట్టదు, కంటికే కనపడదు. కనపడనిది మనల్నేం చేస్తుందిలే అనుకునే రోజులవి.

పుస్తకం పూర్తి కావచ్చింది. మొదటి బొమ్మగా చెయ్యి ఉండాలని డాక్టరుగారి పట్టుదల. పలక మీద బొమ్మ పడాలంటే చాలాసేపు కదలకుండా ఉండాలి. డాక్టరుగారి చెయ్యి కాస్త వణుకుతుంది. అక్కగారు పుస్తకంలో నా ఎముకలేమిటి, నలుగురూ చూడరూ అని సిగ్గుపడింది. కదలకుండా ఉండటం ఎలాగో ఊరందరికీ నేర్పేవాడు ఫొటోలాయనే కదా. ఆయన వేలికున్న ఉంగరం తీసి పక్కన పెట్టి, ఎడమచెయ్యి పలక మీద పరిచాడు. కాయిలు చిటపటమంది. గదంతా ఉరుము ఉరిమాక వచ్చే వాసన నిండింది. అంతా అయ్యాక పలక తీసుకుని చీకటి గదిలోకి వెళ్ళాడు.

కాసేపటికి లోపలినుంచి పిలుపు వినిపించింది.

"ఇదిగో... ఒకసారి ఇలా రా."

ఆయన గొంతు ఎప్పుడూ అంత తగ్గి వినపడలేదు. పెన్సిలమ్మ పెన్సిలు చెవి వెనక దోపుకుని వెళ్ళింది. తలుపు మూశాక బయట పట్టపగలని చెప్పినా నమ్మలేనంత చీకటి. ఎర్రగుడ్డ చుట్టిన దీపం కింద మందునీళ్ళ తొట్టి. పుల్లటి వాసన ముక్కులో గుచ్చుకుంది. తొట్టిని మెల్లగా ఊపుతూ ఆయన పలక కేసే చూస్తున్నాడు. నీళ్ళు అంచులకి తగిలి టపటపమంటున్నాయి. పలక నల్లబడుతుంటే నలుపు మధ్య ఎముకలు తేటగా నిలవాలి. నిలిచాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు... తర్వాత ఇంకో వేలు... ఇంకోటి... ఇంకోటి... ఇంకోటి.

ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. ఏడు.

"నాకు తెలీకుండా చేతికి పిల్లలు పుట్టినట్టున్నారే," అన్నాడాయన. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని తడిమి చూసింది. ఐదే. తడిగా, మందువాసన వేస్తూ, తనకి తెలిసిన చెయ్యే. హమ్మయ్య అనుకుంటూనే ఇంకోసారి తడిమి లెక్కపెట్టింది.

డాక్టరుగారు ఒక్క మాటలో కొట్టిపారేశారు. వాడిన పలక మీదే మళ్ళీ తీసి ఉంటారన్నారు. కొత్త పెట్టె విప్పి మళ్ళీ తీశారు. ఏడు. చెయ్యి తిప్పి తీశారు. ఆ రెండూ కూడా చేతితోపాటు తిరిగాయి. తెర మీద చూస్తే ఐదే కనపడతాయి, పలక మీదకి వచ్చేసరికి ఏడు. రోగుల బొమ్మలు తీస్తే ఎవరివి వాళ్ళకి సరిగ్గా వస్తున్నాయి. ఈ ఒక్క చేతికే తంటా. అవతల అచ్చాఫీసువాళ్ళు మొదటి బొమ్మ ఏదీ అని రోజూ మనిషిని పంపుతున్నారు. తీసిన వాటిలో మొదటి పలకంత స్పష్టంగా ఇంకేదీ రాలేదు. దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుని డాక్టరుగారు చంటిబిడ్డని చూసినట్టు చూసుకున్నారు. వేలి కణుపుల దగ్గర సందులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ రెండూ లేకపోతే ఇంతకన్నా గొప్ప బొమ్మ ప్రపంచంలో లేదన్నారు.

ఆ మాటతో అందరూ పెన్సిలమ్మ వైపు తిరిగారు.

ఆమెకి ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో చెప్పమంటే చెప్పలేదు కూడా. మచ్చలు పూడ్చడం వేరు, వేళ్ళు పూడ్చడం వేరు అని నసిగింది. మొగుడు బతిమాలాడు. ఏడు వేళ్ళ మొగుణ్ణి ఏం చేసుకుంటావు, రెండు తగ్గించు అని హాస్యమాడాడు. ఆ హాస్యానికే ఆమె ఒప్పుకుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన హాస్యానికి ఒప్పుకోనిది ఏదీ లేదు.

పలకని వాలుబల్ల మీద పెట్టుకుంది. ముఖాలైనా, చేతులైనా ఆమె పని ఎప్పుడూ ఒక పక్కనుంచి మొదలై రెండో పక్కకి సాగేది. అది చెయ్యి తిరిగిన అలవాటు. బొటనవేలి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఐదు ఉంచింది. చివర మిగిలిన రెండూ ఎక్కువ అనుకుంది. వాటి తేటని కొద్దికొద్దిగా సీసంతో నింపడం మొదలెట్టింది.

ఆ రెంటిలో ఒకటి ముగించేసరికి కింద ముందుగదిలో ఆయన మాట ఆగిపోయింది. ఎవరికో కథ చెప్తూ సగంలో ఆపేశాడు. కాసేపటికి వదిన గొంతు వినపడింది, ఏమైందిరా అంటూ. చెయ్యి తిమ్మిరెక్కిందే అక్కా, దులుపుకుంటే పోతుందిలే అన్నాడు. పెన్సిలమ్మ ఇంకో వేలు కూడా పూడ్చి పలక కింద పెట్టింది. పెన్సిలు ఎందుకో చల్లగా తగిలింది. ఐదు వేళ్ళ చెయ్యి కడిగిన ముత్యంలా వచ్చింది. డాక్టరుగారు చప్పట్లు కొట్టి పలక పట్టుకుపోయారు.

ఆ తర్వాత ఫొటోలాయన ఎడమచేతి ఉంగరపువేలూ, చిటికెనవేలూ ఎర్రబడ్డాయి.

మొదట దురద అన్నాడు. తర్వాత ఎండకి కమిలినట్టు పొట్టు లేచింది. మందునీళ్ళు పడక అలా అయిందని డాక్టరుగారు లేపనం ఇచ్చారు. ఫొటోలవాళ్ళ చేతులకి ఇది మామూలే అన్నారు. గోళ్ళు నల్లబడ్డాయి. ఒకరోజు పొద్దున్న ముఖం కడుక్కుంటూ ఉంటే చిటికెనవేలి గోరు నొప్పే లేకుండా ఊడి తొట్టిలో పడింది. ఆయన దాన్ని తీసి చూసి, ఏమీ అనకుండా కిటికీలోంచి పారేశాడు. అది పెన్సిలమ్మ చూసింది. మాటకారి మొగుడు మాట్లాడకుండా ఉండటం ఆమెని గోరు ఊడటంకన్నా ఎక్కువ భయపెట్టింది.

బొమ్మ అచ్చు వెయ్యడానికి లోహపు బ్లాకు చేసుకున్నాక అచ్చాఫీసువాళ్ళు పలక తిరిగి పంపారు. ఆయన నిద్రపోతున్నప్పుడు ఆమె మంచం పక్కన కూర్చుని, పలకని కిటికీ వెలుగుకి ఎత్తి, ఆయన చెయ్యి పక్కనే ఆనించి పోల్చి చూసింది. బొటనవేలు సరిపోయింది. చూపుడువేలు, నడిమివేలు సరిపోయాయి. తర్వాతి రెండూ సరిపోలేదు. వాటికి ఒక్కో కణుపు ఎక్కువుంది. ఆ కొత్త రెండూ చివర వచ్చి చేరలేదు. మధ్యలో దూరాయి. అంటే చివర తాను పూడ్చిన రెండూ...

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరిస్తే ఆయన లేస్తాడు.

సీసం ఎంత పూడ్చినా టర్పెంటైనులో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ పనిలో ఉన్న ధైర్యమల్లా అదే, తప్పు చేసినా తుడిచేసుకోవచ్చు. మేడ మీదకి పరిగెత్తి, గుడ్డ తడిపి, ఆ రెండు వేళ్ళ మీదా రుద్దింది. గుడ్డకి నల్లగా అంటుకుంది. ఇంకా రుద్దింది. గుడ్డకి నలుపు అంటడం ఆగిపోయింది. పలకని వెలుగుకి పట్టింది. వేళ్ళు రాలేదు. సీసం కింద తేటగాజు లేదు. అక్కడ ఎప్పుడూ ఎముకే లేనట్టు నల్లగా ఉంది.

"పలక మీద లేదు... అసలు లేదు," అని తనలో తనే గొణుక్కుంది.

ఆ రెండు వేళ్ళూ డాక్టరుగారు తీసేశారు. తియ్యకపోతే పైకి పాకుతుందన్నారు. పెన్సిలమ్మ డాక్టరుగారికి జరిగింది చెప్పబోయింది. ఆయన విన్నారు, పాపం, విననట్టు చెయ్యలేదు. చివరికి ఆమె భుజం తట్టి, మనిషి దిగుల్లో ఉన్నప్పుడు కనపడేవి వేరమ్మా, నువ్వు కాస్త నిద్రపో అన్నారు. ఆయన కుడిచేతికి తోలు తొడుగు ఉండటం ఆమె అప్పుడు చూసింది. ఎండాకాలంలో తొడుగెందుకో ఆయనా చెప్పలేదు, ఆమె అడగలేదు.

వదినకి చెప్పింది. వదిన నమ్మింది. నమ్మినందుకే ఇంకా కష్టమైంది. ఆ మాయదారి గాజుముక్క పగలగొట్టి పారెయ్యవే అంది. పెన్సిలమ్మ సుత్తి కూడా తీసింది. పెన్సిలుతో రాస్తేనే వేళ్ళు పోతే, సుత్తితో కొడితే ఏం పోతుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. సుత్తి నెమ్మదిగా కింద పెట్టేసింది. ఆ రోజు ఇద్దరూ పొయ్యి వెలిగించలేదు.

పుండు మానలేదు. మిగిలిన మూడు వేళ్ళ మీదా ఎర్రదనం మొదలైంది. అప్పుడు ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. పొరపాటున మొగుడి వేళ్ళు పూడ్చాను సరే, ఆ కొత్తవాటినీ పూడ్చేస్తే? తేలు కుట్టిన చోటే మందు పెట్టాలి కదా. ఎండ నిండుగా ఉన్న పూట చూసుకుని కూర్చుంది. ఆ మధ్య రెండు వేళ్ళ మీదా సీసం పట్టించింది. ఇన్నాళ్ళలో ఏ ముఖం మీదా అంత జాగ్రత్తగా పనిచెయ్యలేదు. కణుపు కణుపుకీ ఆగి చూసుకుంది. వదలవూ, వదలవూ అని పళ్ళ బిగువున తిట్టుకుంటూ పూడ్చింది. ముగించేసరికి పలక మీద మూడే వేళ్ళు మిగిలాయి. మూడూ మొగుడివే. ఆ మధ్యాహ్నం ఆమె కడుపునిండా అన్నం తింది. ఆయన చేత కూడా తినిపించింది. ఏమిటోయ్ ఇవాళ అంత కళగా ఉన్నావని ఆయన అడిగితే, చాలా రోజులకి నవ్వింది.

మర్నాడు పలక తీసి చూసింది.

ఆ రెండూ తేటగా ఉన్నాయి. ఎవరో నీళ్ళతో కడిగినట్టు, సీసం జాడే లేదు. వాటి పక్కన... చూపుడువేలు లేదు. నడిమివేలు లేదు. బొటనవేలు ఒక్కటే, ఆ చివర. తను పెన్సిలు కూడా తాకించని చోట నలుపు. ఆమె పలక బల్ల మీద పెట్టి గోడ దాకా వెనక్కి నడిచింది. అక్కడ కూలబడింది. ఏం చేసినా దానికే ఉపయోగపడుతోంది. తన చేతిలో విద్య ఉంది, తన కంటికి తప్పు దొరుకుతుంది, అయినా తను ముట్టుకున్నదల్లా ఆయనకే తగులుతోంది. ముట్టుకోకపోయినా తగులుతోంది. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒళ్ళు కదలలేదు.

ఆ వారంలోనే ఎడమచెయ్యి మణికట్టు దగ్గరికి తీసేశారు.

పుస్తకం అచ్చయి వచ్చింది. మంచి అట్ట, మంచి కాగితం. డాక్టరుగారు మొదటి ప్రతి తెచ్చి ఆయన పక్క మీద పెట్టి, ఇది నీదేనయ్యా అని తల దించుకున్నారు. మొదటి పేజీ తిప్పగానే చెయ్యి. కింద ‘ఆరోగ్యవంతుడైన పురుషుడి ఎడమ చేయి’ అని అచ్చులో ఉంది. చూసినవాళ్ళందరూ ఎంత ముచ్చటైన చెయ్యో అన్నారు. పరదేశపు పుస్తకంలో బొమ్మ దీని ముందు దిగదుడుపే అన్నారు. కణుపులు లెక్కపెట్టినవాళ్ళు ఎవరూ లేరు. పుస్తకాలన్నీ ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. ఎవరెవరి ఇళ్ళలో ఎవరెవరు దాన్ని తెరిచి వేళ్ళ మీద వేళ్ళు పెట్టి చూసుకుంటున్నారో అని తలుచుకుని పెన్సిలమ్మ చేస్తున్న పని ఆపి తన వేళ్ళు చూసుకునేది.

అయితే ఒక మంచి జరిగింది. గాయం మానింది. జ్వరం తగ్గింది. ఆయన లేచి కూర్చున్నాడు, రెండు ముద్దలు తిన్నాడు, అక్క మీద ఒక హాస్యం కూడా విసిరాడు. పోతే పోయింది చెయ్యి, మనిషి దక్కాడని వదిన కళ్ళు ఒత్తుకుంది. పెన్సిలమ్మ కూడా అదే అనుకోవాలని చూసింది. మనిషి దక్కితే చాలు. ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

ఒకరోజు ఎండవేళ వదిన బజారుకి వెళ్ళినప్పుడు ఆయన ఆమెని దగ్గరికి పిలిచాడు. గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉందే."

తీసేసినవాళ్ళకి కొన్నాళ్ళు అలాగే అనిపిస్తుందని డాక్టరుగారు చెప్పారు కదండీ అంది ఆమె.

"అది కాదు. ఊరికే ఉన్నట్టు కాదు." ఆయన కట్టు కట్టిన మొండిచేతిని ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూశాడు. "ఎవరో పట్టుకున్నట్టుంది. వదలట్లేదు. రోజురోజుకీ... కొంచెం లాగుతున్నట్టుంది."

ఒకసారి తెర ముందు పెట్టి చూద్దామన్నాడు. వద్దంది. కాళ్ళావేళ్ళా పడింది. చూడకపోతే పిచ్చెక్కుతుంది, ఏదీ లేదని నువ్వు నీ కళ్ళతో చూసి చెప్తే చాలు, నేను కళ్ళు మూసుకుంటాను అన్నాడు. ఈసారి హాస్యం లేదు. చిన్నపిల్లాడు నీళ్ళడిగినట్టు అడిగాడు. అలా అడిగితే కాదనడం ఆమె చేత కాలేదు.

వెనకగది తలుపు మూశారు. నల్లగుడ్డల సందుల్లోంచి కూడా వెలుగు రావడం లేదు. బయట వీధిలో బండి చక్రాల చప్పుడు దూరంగా వినపడి ఆగిపోయింది. దుమ్ము వాసన, పాత తోలు వాసన, ఎప్పుడో ఒలికిన మందునీళ్ళ పులుపు. ఆమె తడుముకుంటూ ఆయన్ని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, మొండిచేతిని ట్యూబుకీ తెరకీ మధ్య పెట్టింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె మీట తిప్పింది.

కాయిలు చిటపటమంది. తెర నెమ్మదిగా పచ్చబడింది.

ముంజేతి ఎముకలు రెండూ ఎడమవైపునుంచి వచ్చాయి. మధ్యలో కోసిన చోట ఆగిపోయాయి. అక్కడిదాకా బాగానే ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుంది.

కోసిన చోట వేళ్ళున్నాయి.

ఆ ఎముకల చివర్లని చుట్టి పట్టుకున్న వేళ్ళు. ఒక్కోదానికి ఒక్కో కణుపు ఎక్కువ. వాటి వెనక అరచెయ్యి. మణికట్టు. ముంజేయి... అది కుడివైపుకి పోయి, తెర అంచు దగ్గర ఆగింది. ఆ చెయ్యి ఎవరిదో, ఆ మనిషి కుడివైపు నిలబడి ఉండాలి. కుడివైపు నిలబడింది పెన్సిలమ్మ ఒక్కతే. ఆమె చేతులు రెండూ మీట మీదే ఉన్నాయి.

ఆమె ఒక చెయ్యి మీట మీదే ఉంచి, మెల్లగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ రెండో పక్కకి జరిగింది. తెర మీద ఆ ముంజేయి కూడా జరిగింది. కిందనుంచి చుట్టు తిరిగి... ఆమె ఎటు ఉంటే అటునుంచి.

"ఏమైనా ఉందా?" కళ్ళు తెరవకుండానే అడిగాడాయన.

"లేదండీ. ఏం లేదు."

"నిజంగానా?"

"నిజంగా."

చెప్పి మీట తిప్పేసింది. కాయిలు చప్పుడు ఆగింది. గది నిశ్శబ్దమైపోయింది... తెర ఆరలేదు. పచ్చగా అలాగే ఉంది. దాని మీద ఆ వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తొందర లేకుండా. చివరిది కూడా విచ్చుకుంది.

ఆయన గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. మొండిచేతిని ఛాతీకి పొదువుకున్నాడు.

"వదిలేసిందే," అన్నాడు. గొంతులో నవ్వుంది, పాత నవ్వు. "ఇప్పుడే... నువ్వు లేదన్నావు చూడు, అప్పుడే వదిలేసింది. ఎంత హాయిగా ఉందో."

కళ్ళనీళ్ళు కారుతుంటే ఆయన చీకట్లో నవ్వుతూనే ఉన్నాడు. మనిషి దక్కాడు. పెన్సిలమ్మ ఔనండీ అంది. తన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని, తలుపు వైపుకి వెనక్కి వెనక్కి నడిచింది. పట్టుకున్నది తన చెయ్యే. రెండూ ఉన్నాయి. వేళ్ళతో తడిమి లెక్కపెట్టుకుంది.

తెర మీద ఆ చెయ్యి ఇప్పుడు ఒంటరిగా లేదు. దాని అరచేతిలో ఇంకో చెయ్యి ఉంది. సన్నటిది, ఆడమనిషిది. చూపుడువేలి చివరి కణుపు కొంచెం వంగి ఉంది, ఏళ్ళ తరబడి సన్నటి పెన్సిలు నొక్కి పట్టుకున్నవాళ్ళకి వంగినట్టు.